కారే నీళ్ళ జాడ

1. రాత్రిపూట చప్పుడు

తిరుపతిలో ఒక చిన్న వీధి. ఆ వీధిలో ఒక మిద్దె ఇల్లు. అందులో మూడు పోర్షన్లు. మూడింటికీ మిద్దె మీద ఒకటే నీళ్ళ టాంకు. అందులో 500 లీటర్లు పడతాయి. ఓనరమ్మ సాయంత్రం 7 గంటలకు మోటారు వేసి టాంకు నింపుతుంది. మళ్ళీ మోటారు వేసేది తెల్లారి 7 గంటలకే.

ఎండాకాలం మొదలైన కాడ నుంచి ఒక చిక్కు వచ్చి పడింది. తెల్లారి 6 గంటలకల్లా టాంకు ఖాళీ అయిపోతోంది. కొళాయి తిప్పితే గాలి తప్ప నీళ్ళు రావు.

"రాత్రిళ్ళు బట్టలు ఉతుకుతారు. అందుకే నీళ్ళు అయిపోతా ఉండాయి" అంది మొదటి పోర్షన్ ఆమె.

"మేమా? మీ పిల్లోళ్ళు కొళాయి కట్టకుండా పోతారు. వాళ్ళనడుగు" అంది రెండో పోర్షన్ ఆమె.

ఓనరమ్మకు కోపం వచ్చింది. "మోటారు కరెంటు బిల్లు ఎంత వస్తా ఉండాదో మీకు తెలుసునా? ఇట్లయితే వేరే ఇల్లు చూసుకోండి" అని అందరినీ కలిపి అనేసింది.

మూడో పోర్షన్‌లో ఒక కుటుంబం ఉంది. భర్త ఆటో తోలుతాడు. భార్య ఒక లాడ్జిలో రూములు శుభ్రం చేసే పనికి పోతుంది. వాళ్ళ పాప ఎనిమిదో తరగతి. మోకాళ్ళ నొప్పులని ఆసుపత్రిలో చూపించుకోవడానికి పలమనేరు పక్క పల్లె నుంచి అత్త వచ్చి ఉంది.

ఒకరోజు పాప బడికి పోలేదు. బయట ఉన్న రోజులు. స్నానానికి నీళ్ళు లేవు. లెట్రిన్‌లో పోయడానికి కూడా చెంబుడు నీళ్ళు లేవు. "ఇట్ల ఎట్ల పోయేదమ్మా" అని ఏడుపు మొహంతో కూర్చుంది. ఆ రోజు లెక్కల పరీక్ష.

సాయంత్రం అత్త కోడల్ని దగ్గరికి పిలిచింది.

"ఏం మే, నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు గదా. మన లెట్రిన్‌లో నుంచి సన్నంగా ఒక చప్పుడు వినపడతా ఉండాది. కాసేపు ఆగుతాది. మళ్ళా వస్తాది. ఎవురో గుసగుసలు పోయినట్టు ఉండాది."

కోడలు లోపలికి పోయి తలుపేసుకుని విన్నది. నిజమే. ఎవరూ ఫ్లష్ నొక్కలేదు. అయినా టాంకులోకి నీళ్ళు ఎక్కుతున్నాయి. పీట లోపల గోడ మీద సన్నని నీటి ధార జారుతోంది.

ఆమె మనసు చివుక్కుమంది. ఊరందరి మీదా అనుమానం పడ్డారు. దొంగ తమ ఇంట్లోనే ఉంది!

2. భయపడాల్సిన పని లేదు

"ఆదివారం ప్లంబరును పిలుస్తాలే" అన్నాడు భర్త. ఆదివారం వచ్చింది, పోయింది. ఇంకో ఆదివారం కూడా పోయింది. ఒక ప్లంబరు వచ్చి చూసి, "టాంకే మార్చాల" అని చెప్పి పోయాడు. ఓనరమ్మ ఒప్పుకోలేదు.

కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. ఆసుపత్రి చీటీలో పేరు చదువుతుంది. కూలి లెక్క తానే రాసుకుంటుంది. "మిషను కుట్టేదానికి నేర్చుకున్నా. ఈ టాంకు అంతకన్నా కష్టమా? మూత తీసి చూస్తాం" అనుకుంది.

అత్త కూడా అదే అంది. "బావిలో పడిన బిందెను పాతాళగరిగె వేసి తీసినోళ్ళం. ఇదెంత!"

చాలామంది ఆడవాళ్ళు కొళాయి, టాంకు రిపేరు మగవాళ్ళ పని అనుకుంటారు. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు. నీళ్ళు లేకపోతే ముందు ఇబ్బంది పడేది ఆడవాళ్ళు. అలాంటప్పుడు ఆ టాంకులో ఏముందో తెలుసుకోవడం కూడా వాళ్ళ పనే.

3. టాంకులో ఏముంటుంది?

ఫ్లష్ టాంకు మూత తీస్తే ముఖ్యంగా నాలుగు వస్తువులు కనిపిస్తాయి.

ఒకటి, నీళ్ళు వచ్చే దారి. గోడలో ఉన్న చిన్న కొళాయి నుంచి ఒక సన్న పైపు టాంకుకు వస్తుంది. ఆ చిన్న కొళాయిని యాంగిల్ వాల్వు అంటారు. అది కట్టేస్తే టాంకులోకి నీళ్ళు రావు.

రెండు, తేలే బంతి. నీళ్ళు పెరిగే కొద్దీ ఇది పైకి లేస్తుంది. టాంకు నిండగానే నీళ్ళు వచ్చే దారిని మూస్తుంది. కొన్ని టాంకుల్లో బంతికి బదులు చిన్న డబ్బా ఉంటుంది. పని ఒకటే.

మూడు, పొర్లు గొట్టం. బంతి పని చేయకపోతే నీళ్ళు టాంకు మీద నుంచి బయటికి పొర్లకుండా ఈ గొట్టంలో పడి పీటలోకి పోతాయి.

నాలుగు, అడుగు రబ్బరు. టాంకు అడుగున ఉన్న రంధ్రాన్ని ఇది మూసి ఉంచుతుంది. ఫ్లష్ నొక్కినప్పుడు లేస్తుంది. నీళ్ళు పీటలోకి దూకుతాయి. తర్వాత రబ్బరు మళ్ళీ కూర్చుంటుంది.

అంటే ఈ టాంకు ఇంట్లో తొట్టి లాంటిదే. నిండాక ఆపేది బంతి. కిందికి పోకుండా పట్టుకునేది రబ్బరు. ఈ రెండింటిలో ఒకటి చెడితే నీళ్ళు కారతాయి.

4. ముందు జాడ పట్టాలి

కారే చోటు తెలియకుండా వస్తువులు మార్చితే డబ్బు దండగ. చోటు తెలిస్తే సగం పని అయినట్టే. కోడలు, పాప కలిసి ఇలా చూశారు.

మొదటి చూపు: టాంకు మూత తీశారు. నీళ్ళు పొర్లు గొట్టం నోటి దాకా వచ్చాయా? రాలేదు. రెండు వేళ్ళ మందం కిందనే ఉన్నాయి. అంటే బంతి తప్పు కాదు.

రెండో చూపు: టాంకు బయట, పైపు అతుకుల దగ్గర ఒక పాత కాగితం పెట్టారు. కాగితం తడవలేదు. అంటే బయట అతుకులు బాగానే ఉన్నాయి.

మూడో చూపు: బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు టాంకు నీళ్ళలో వేశారు. "అరగంట దాకా ఎవురూ ఫ్లష్ నొక్కొద్దండి" అని పాప తలుపు దగ్గర కాపలా కూర్చుంది. అరగంట తర్వాత చూస్తే పీటలో నీళ్ళు నీలంగా ఉన్నాయి.

"దొరికిందవ్వా! దొంగ దొరికింది!" అని పాప కేక పెట్టింది. ఫ్లష్ నొక్కకుండానే నీలం కిందికి దిగింది. అంటే అడుగు రబ్బరు సరిగా మూయడం లేదు.

5. ఎన్ని నీళ్ళు పోతున్నాయి?

"ఇంత సన్న ధారకు టాంకు ఖాళీ అయితాదా?" అని భర్తకు నమ్మకం కలగలేదు. "కొలుస్తాం" అంది పాప.

యాంగిల్ వాల్వు కట్టేశారు. టాంకు లోపల నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో పెన్సిలుతో గీత గీశారు. గడియారం చూసి 10 నిమిషాలు ఆగారు. నీళ్ళు గీత కంటే దిగాయి. తర్వాత ఒక లీటరు డబ్బాతో నీళ్ళు పోశారు. మళ్ళీ గీత అందేసరికి 2 డబ్బాలు పట్టాయి.

10 నిమిషాలకు 2 లీటర్లు.
గంటకు 6 పదులు. కాబట్టి 6 × 2 = 12 లీటర్లు.
రాత్రి 10 నుంచి తెల్లారి 6 వరకు 8 గంటలు. 8 × 12 = 96 లీటర్లు.
రోజుకు 24 గంటలు. 24 × 12 = 288 లీటర్లు.

వాళ్ళింట్లో బిందెకు 16 లీటర్లు పడతాయి. అంటే ఒక్క రాత్రికి 6 బిందెలు. రోజుకు 18 బిందెలు. మనిషి చెయ్యి పడకుండానే ఇన్ని నీళ్ళు డ్రైనేజీ పాలు అయ్యాయి.

అత్త నోటి మీద వేలేసుకుంది. "పద్దెనిమిది బిందెలా! ఆ నీళ్ళకు మేము బావి కాడికి ఎన్ని సార్లు తిరిగినాము తల్లీ!"

ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊరి బావుల్లో నీళ్ళు పైపైన ఉండేవి. ఎద్దులతో కపిల తోలి చేలకు పారించేవాళ్ళు. తర్వాత బోర్లు వచ్చాయి. ఒక బోరు ఎండితే ఇంకా లోతుకు ఇంకో బోరు వేశారు. బోర్ల కోసం అప్పుల పాలైన రైతులు ఈ సీమలో చాలామంది.

తిరుపతి ఊరికి కూడా నీళ్ళు ఊరికే రావు. కొన్ని కల్యాణి డ్యామ్ నుంచి వస్తాయి. కొన్ని తెలుగుగంగ నీళ్ళు. తెలుగుగంగ అంటే కృష్ణా నది నీళ్ళు. చెన్నై ఊరికి తాగునీళ్ళు ఇవ్వడానికి, రాయలసీమ, నెల్లూరు పొలాలకు పారించడానికి 1983లో ఈ పథకం మొదలుపెట్టారు. ఆ నీళ్ళు శ్రీశైలం దగ్గర బయలుదేరి వెలుగోడు, బ్రహ్మసాగరం, సోమశిల దాటి కండలేరు చేరతాయి. కండలేరు నుంచి తిరుపతికి కూడా తెస్తారు. ఇన్ని ఊళ్ళు దాటి వచ్చిన నీళ్ళు ఒక చిన్న రబ్బరు ముక్క చెడినందుకు కాలువలో కలిసిపోతే ఎట్లా?

6. రబ్బరు మార్చడం

మరుసటి రోజు కోడలు పని నుంచి వచ్చి కొంగు బిగించింది. ఏమేం కావాలో ముందే కాగితం మీద రాసుకుంది: ఒక స్క్రూ డ్రైవరు, ఒక బకెట్టు, పాత గుడ్డ, పాత పళ్ళ బ్రష్షు, నిమ్మకాయ.

మీరు చేసేటప్పుడు కూడా ఈ వరుసలోనే చేయండి.

మొదట, యాంగిల్ వాల్వు కట్టేయండి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే మూసుకుంటుంది. చాలా రోజులుగా తిప్పకపోతే బిగుసుకుని ఉంటుంది. బలవంతం చేయవద్దు. విరిగితే ఇల్లంతా నీళ్ళు. అది తిరగకపోతే మిద్దె మీద టాంకు దగ్గర ఉన్న పెద్ద వాల్వు కట్టేయండి. పక్కింటివాళ్ళకు ముందే చెప్పండి.

రెండు, ఫ్లష్ నొక్కి టాంకులో నీళ్ళు పోగొట్టండి. ఆ నీళ్ళు వృథా కాకూడదంటే ముందే చెంబుతో బకెట్టులోకి తోడుకోండి.

మూడు, మూత మెల్లగా తీయండి. నొక్కే బటన్ మూత మీదనే ఉంటే దాని చుట్టూ ఉన్న రింగును ఎడమకు తిప్పితే ఊడుతుంది. పింగాణీ మూత అయితే నేల మీద గుడ్డ పరిచి దాని మీద పెట్టండి.

నాలుగు, ఏది ఎక్కడ ఉందో బాగా చూసుకోండి. బొమ్మ గీసుకుంటే మంచిది. పాప నోటుబుక్కులో బొమ్మ గీసింది. తిరిగి బిగించేటప్పుడు ఆ బొమ్మే దారి చూపింది.

ఐదు, మధ్యలో ఉన్న ఫ్లష్ వాల్వును కొంచెం ఎడమకు తిప్పి పైకి ఎత్తండి. చాలా రకాలు ఇలాగే ఊడతాయి. మీ ఇంట్లోది వేరే రకం అయితే లాగి విరగ్గొట్టుకోవద్దు. ఎక్కడ పట్టి ఉందో చూసి తీయండి.

ఆరు, దాని అడుగున గుండ్రంగా ఒక రబ్బరు ఉంటుంది. వేలితో వంచి చూడండి. మంచి రబ్బరు మెత్తగా వంగుతుంది. చెడిన రబ్బరు గట్టిపడి ఉంటుంది. లేదా అంచు నలిగి ఉంటుంది.

కోడలి చేతికి వచ్చిన రబ్బరు ఎండిన అప్పడం లాగా ఉంది.

ఆమె ఆ పాత రబ్బరును కాగితంలో చుట్టుకుని అంగడికి పోయింది. ఇది చాలా ముఖ్యం. రబ్బర్లలో ఎన్నో కొలతలు ఉంటాయి. నోటితో చెప్పి తెచ్చుకుంటే సరిపోకపోవచ్చు. పాతది చూపించి, దాని మీద కొత్తది పెట్టి కొలత చూసుకుని తీసుకోవాలి. టాంకు మీద ఉన్న కంపెనీ పేరు కూడా ఆమె రాసుకుని పోయింది.

"మీ ఆయన్ను పంపించక పోయినావామ్మా" అన్నాడు అంగడాయన.

"టాంకు మూత తీసింది నేను గదన్నా" అంది ఆమె. కొద్ది రూపాయల్లోనే రబ్బరు దొరికింది.

7. మళ్ళీ కారింది!

కొత్త రబ్బరు వేసింది. వాల్వు కుడివైపు తిప్పి బిగించింది. నీళ్ళు వదిలింది. టాంకు నిండింది. నీలిమందు వేసి చూసింది. మళ్ళీ పీటలో నీలం దిగింది!

కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భర్త ఏమీ అనలేదు. అత్త మాత్రం అడిగింది.

"మే, తలుపు బాగుండాది సరే. వాకిలి చూసినావా?"

కోడలికి వెలిగింది. మళ్ళీ నీళ్ళు కట్టి, వాల్వు ఎత్తి, రబ్బరు కూర్చునే చోటు వేలితో తడిమింది. గరుకుగా తగిలింది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. అది పొరలు పొరలుగా పేరుకుని ఉంది. దానికి తోడు ఒక ఇసుక పలుకు. రబ్బరు ఎంత కొత్తదైనా, కూర్చునే చోటు ఎగుడుదిగుడుగా ఉంటే సందు వదులుతుంది.

ఆమె నిమ్మరసం పిండి కాసేపు నాననిచ్చింది. పాత బ్రష్షుతో రుద్దింది. కత్తితో గీకలేదు. గీకితే గీతలు పడి ఇంకా కారుతుంది. గుడ్డతో తుడిచి, వేలితో మళ్ళీ చూసింది. నున్నగా ఉంది. అప్పుడు రబ్బరు వేసింది.

ఈసారి అరగంట కాదు, గంట ఆగారు. పీటలో నీళ్ళు తెల్లగానే ఉన్నాయి.

8. వేరే చోట కారితే ఏం చేయాలి?

నీళ్ళు పొర్లు గొట్టంలో పడుతుంటే: తప్పు బంతిది. బంతి ఊపి చూడండి. లోపల నీళ్ళు గలగలమంటే దానికి బెజ్జం పడింది. మార్చాలి. బంతి బాగుంటే దాని కడ్డీని కొంచెం కిందికి వంచండి. కొన్నింటికి స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పండి. నీళ్ళు పొర్లు గొట్టం నోటికి ఒక అంగుళం కిందనే ఆగాలి. అప్పటికీ ఆగకపోతే నీళ్ళు వచ్చే దారిలో ఉన్న చిన్న వాషరు అరిగి ఉంటుంది.

బయట అతుకు దగ్గర చుక్కలు పడుతుంటే: నీళ్ళు కట్టి నట్టు ఊడదీయండి. లోపలి వాషరు చూడండి. నలిగి ఉంటే కొత్తది వేయండి. వాషరు లేని మర అతుకు అయితే మర మీద తెల్ల టేపు ఆరేడు చుట్లు చుట్టండి. నట్టు బిగించే వైపే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. ప్లాస్టిక్ నట్టును చేతితో బిగిస్తే చాలు. పానా వేసి తిప్పితే పగులుతుంది.

ఫ్లష్ టాంకు లేకపోతే: 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. ఆ తర్వాత పల్లెల్లో చాలా ఇళ్ళకు మరుగుదొడ్లు వచ్చాయి. వాటిలో ఎక్కువ చోట్ల టాంకు ఉండదు. కొళాయి, బకెట్టు, మగ్గు ఉంటాయి. అక్కడ కారేది కొళాయి. నీళ్ళు కట్టి, కొళాయి తల భాగం పానాతో ఊడదీస్తే లోపల వాషరు కనిపిస్తుంది. పాతది చూపించి కొత్తది తెచ్చుకోండి. కొన్ని కొత్త రకం కొళాయిల్లో వాషరు ఉండదు. లోపలి భాగం మొత్తం మార్చాలి.

9. ఈ పనులు మనం చేయకూడదు

పీట కింద నేల తడిగా ఉండి వాసన వస్తుంటే అది మంచినీళ్ళు కాదు, మురుగు. పీట అతుకు వదిలి ఉండవచ్చు. మేస్త్రీని పిలవాలి.

గోడలోపల పైపు పగిలి గోడ చెమ్మగిల్లితే ప్లంబరును పిలవాలి. ఆ గోడ మీద కరెంటు స్విచ్చి ఉంటే ముట్టుకోవద్దు. మెయిన్ ఆపించండి.

యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎప్పుడూ కలపవద్దు. కలిస్తే విషపు గాలి వస్తుంది. చిన్న గదిలో ప్రాణం మీదికి వస్తుంది.

సెప్టిక్ టాంకులోకి, గుంతలోకి ఎవరూ దిగకూడదు. మనుషులను దింపకూడదు. లోపల విషవాయువు ఉంటుంది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోతారు. రక్షణ లేకుండా మనిషిని ఆ పనికి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మునిసిపాలిటీకి చెబితే మిషను బండి వస్తుంది.

10. ఆ రాత్రి

ఆ రాత్రి కూడా అత్తకు నిద్ర పట్టలేదు. చెవి పెట్టి విన్నది. లెట్రిన్‌లో చప్పుడు లేదు.

తెల్లారి 6 గంటలకు మొదటి పోర్షన్ ఆమె కొళాయి తిప్పింది. నీళ్ళు వచ్చాయి. రెండో పోర్షన్‌లోనూ వచ్చాయి. పాప తల స్నానం చేసి బడికి బయలుదేరింది.

కోడలు ఇద్దరినీ పిలిచింది. "నీళ్ళు పోయింది మా టాంకులోనక్కా. ఊరికే ఒకరినొకరం అనుకున్నాం" అని చెప్పింది. వాళ్ళు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత రెండో పోర్షన్ ఆమె మెల్లగా అడిగింది. "మా ఇంట్లో కూడా రాత్రిళ్ళు ఏందో చప్పుడు వస్తాది. నీలిమందు ఉంటే తీసుకుని వస్తావా?"

ఆలోచించండి

1. నీళ్ళు అయిపోతే ఇంట్లో ముందుగా ఎవరికి ఇబ్బంది? ఎందుకు?
2. కొత్త రబ్బరు వేసినా మొదటిసారి నీళ్ళు ఎందుకు కారాయి?
3. పాత రబ్బరును అంగడికి ఎందుకు తీసుకుపోవాలి?

లెక్క చేయండి

1. ఒక కొళాయి నుంచి 15 నిమిషాలకు 1 లీటరు కారుతోంది. గంటకు ఎన్ని లీటర్లు? రోజుకు ఎన్ని?
2. మీ ఇంటి బిందెకు ఎన్ని లీటర్లు పడతాయి? ఆ నీళ్ళు ఎన్ని బిందెలు?

చేసి చూడండి

ఈ రాత్రి అందరూ పడుకున్నాక మీ ఇంట్లో కొళాయిలు, టాంకు దగ్గర నిలబడి వినండి. చప్పుడు వస్తే నీలిమందుతో చూడండి. ఎక్కడ కారుతోందో ఒక కాగితం మీద రాయండి.

కొత్త మాటలు: వాల్వు, వాషరు, నట్టు, పానా, అంగుళం, పొర్లు గొట్టం, విషవాయువు.